జ్వరాలు సున్నా: సరిహద్దు పల్లెలో ఒక కేస్ స్టడీ

2020 మే 14న మా ఆశా కార్యకర్త తెచ్చిన సర్వే కాగితంలో 140 ఇళ్ళకూ ఒకటే అంకె ఉంది. జ్వరం 0. దగ్గు 0. గొంతు నొప్పి 0. అప్పటికి నాలుగు రోజుల ముందే ఆ ఊళ్ళో ఒక కరోనా కేసు తేలింది. ఆ సంగతి పక్కన పెట్టినా, ముసలీ ముతకా, పిల్లా జెల్లా కలిపి ఐదారు వందల మంది ఉన్న ఊళ్ళో ఒక్కరు కూడా దగ్గలేదంటే నమ్మలేం. "ఏమ్మా ఇది?" అని కాగితం చూపించాను. ఆమె తల వంచుకుంది. "వాళ్ళు చెప్పింది రాసినా మేడం. చెప్పంది యెట్ల రాసేది?"

నేను అప్పుడు చిత్తూరు నుంచి వేలూరు వైపు ఉన్న ఒక సరిహద్దు మండలంలో పీహెచ్‌సీ డాక్టర్ని. ఆ సున్నా ఎలా వచ్చింది, దాన్ని ఎలా చెరిపాం, అందులో నా తప్పెంత అన్నది రాస్తున్నాను. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. వయసులు, వృత్తులు ఒకటి రెండు చోట్ల మార్చాను.

ఊరు, దారి, గోడ

మా వైపు వేలూరును ఇప్పటికీ రాయవేలూరనే అంటారు. చిత్తూరు నుంచి తిరుపతి 70 కిలోమీటర్లు, రాయవేలూరు అందులో సగం. గుండెనొప్పి వచ్చినా, కిడ్నీ చెడినా బండి అటే తిరుగుతుంది. పిల్లనిచ్చేదీ, తెచ్చుకునేదీ అటూ ఇటూ. ఇల్లు ఆంధ్రలో, బావి తమిళనాడులో ఉన్న రైతులు మా ఓపీకి వస్తూనే ఉంటారు. వాళ్ళ లెక్కలో సరిహద్దంటే చెక్‌పోస్టు దగ్గర లారీలు ఆగే చోటు, అంతే.

మార్చిలో లాక్‌డౌన్‌తో ఆ దారి మూతపడింది. ఏప్రిల్ చివరి వారంలో అటువైపు అధికారులు రోడ్డుకు అడ్డంగా ఏకంగా గోడలే కట్టించారు. గుడియాత్తం నుంచి పలమనేరు వచ్చే దారిలో సైనగుంట దగ్గర ఒకటి, పొన్నై వైపు నుంచి చిత్తూరు వచ్చే దారిలో ఒకటి. విమర్శలు రావడంతో కొద్ది రోజుల్లోనే పడగొట్టేశారు. గోడ పోయింది గానీ దాని ఫొటో మా మండలంలో అందరి ఫోన్లలోకీ వచ్చి కూర్చుంది. తర్వాత ఊళ్ళో దారికి అడ్డంగా ముళ్ళకంప వేసినప్పుడు ఒక కుర్రాడు నాతో అన్న మాట: "కలెక్టర్లే గోడ కట్టినారు మేడం. మేం కంప యేస్తే తప్పొచ్చిందా?" నా దగ్గర జవాబు లేదు.

భయం అంతకు ముందు నుంచే ఉంది. ఆ ఏడాది ఫిబ్రవరిలో, మన జిల్లాలో ఒక్క కేసు కూడా లేని రోజుల్లో, శ్రీకాళహస్తి వైపు ఒక పెద్దాయన తనకు కరోనా వచ్చిందని నమ్మి, ఇంట్లోవాళ్ళకు అంటుకుంటుందేమోనని ప్రాణం తీసుకున్నాడు. పేపర్లలో వచ్చింది. 2018లో కేరళలో నిపా వైరస్ వచ్చినప్పుడు కూడా ఇంతే. గబ్బిలం కొరికిన పండు తింటే చస్తారని వాట్సాప్‌లో వచ్చేసరికి, మామిడి కాలం నడిమధ్యలో మా ఓపీలో అందరూ అడిగిన ప్రశ్న అదొక్కటే. కొరికిన పండు పారెయ్యండి, మిగతావి కడుక్కుని తినండి అని ఎన్నిసార్లు చెప్పానో. వైరస్ అనే మాట వింటే మావాళ్ళకు ముందు పంట గుర్తొస్తుంది. తర్వాతే ఊపిరితిత్తులు.

గూట్లో ఖాళీ స్ట్రిప్పులు

శ్రీకాళహస్తి రెడ్ జోన్ అయినప్పుడు మావాళ్ళకు అది దూరపు మాట. కోయంబేడు అలా కాదు. మా టమాటా, బీన్స్, వంకాయ రాత్రికి రాత్రి చెన్నై చేరేది ఆ మార్కెట్‌కే. ఏప్రిల్ చివర్లో అక్కడ కేసులు బయటపడ్డాయి. మే 5న మార్కెట్ మూసేశారు. ఆలోపే తమిళనాడులో చాలా జిల్లాలకు, ఇటు చిత్తూరు, నెల్లూరు జిల్లాలకు కేసులు పాకాయి. కూరగాయల బండ్లకు లాక్‌డౌన్ లేదు కదా, డ్రైవర్లకూ లేదు.

మా మొదటి కేసు అలాంటి డ్రైవరే. 34 ఏళ్ళు, సొంత పికప్ బండి, బండి మీద ఇంకా ఫైనాన్స్ ఉంది. ఆఖరి ట్రిప్పు ఏప్రిల్ 29. మే 2న జ్వరం. ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకుని, బండి కడుక్కుని, ఇంట్లోనే పడుకున్నాడు. మే 7న ఆశా కార్యకర్త సర్వేకి వెళ్తే అందరం బాగున్నామన్నారు. ఎండలో వచ్చింది కదా, మంచినీళ్ళడిగింది. డ్రైవరు భార్య నీళ్ళు తేవడానికి లోపలికి తిరిగినప్పుడు దీపం పెట్టే గూట్లో మూడు పారాసిటమాల్ స్ట్రిప్పులు కనబడ్డాయి, మూడూ ఖాళీ. ఎవరికని అడిగితే "మా అత్తకు మోకాళ్ళ నొప్పులు" అని టక్కున చెప్పింది. తిన్నె మీద కూర్చున్న అత్త ఊరుకోలేదు. "నేనెప్పుడు యేసుకుంటి?"

ఆ తర్వాత దాచలేకపోయారు. మజ్జిగ పులిసిందో లేదో మూడు రోజుల్నుంచీ ఆయనకు తెలియడం లేదట. 8న శాంపిల్ తీశాం. 10న పాజిటివ్ వచ్చింది.

నేను చేసింది

పదో తారీఖు సాయంత్రం నా తప్పు జరిగింది. పేరు, తండ్రి పేరు, ఫోన్ నంబరు, ఇంటి గుర్తులతో రిపోర్టును మండల స్థాయి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అందరూ అలాగే పెట్టేవారు. గంటలోపు అది ఊళ్ళోని కుర్రాళ్ళ గ్రూపులో తేలింది. ఏడింటికి అంబులెన్స్ సైరన్ వేసుకుని వచ్చింది. లాక్‌డౌన్‌లో రోడ్డు మీద కుక్క కూడా లేదు, సైరన్ ఎందుకో నాకు ఈ రోజుకీ తెలియదు. మిద్దెల మీద నిలబడి ఊరంతా చూస్తుంటే ఆయన మొహానికి తువ్వాలు చుట్టుకుని ఎక్కాడు. చిన్నపిల్ల వెనకాల పరిగెత్తబోతే ఎవరో రెక్క పట్టుకుని ఆపారు.

తెల్లారేసరికి ముళ్ళకంప పడింది. ఎక్కడ? కేసు ఊళ్ళో, డ్రైవరు ఇల్లు గుడి వెనక వీధిలో. కంప మాత్రం ఎస్సీ కాలనీ మలుపులో వేశారు. "వాళ్ళు కూలికి నాలుగూళ్ళు తిరుగుతారు గదా మేడం" అన్నాడు మాజీ సర్పంచ్, చాలా మామూలుగా. నాలుగూళ్ళు కాదు, చెన్నై దాకా తిరిగి జబ్బు తెచ్చిన మనిషి ఆయనకు వరసకు అల్లుడు.

అదే ఉదయం పాల బండి రాలేదు. రెడ్ జోన్ ఊరి పాలు వద్దని పైనుంచి చెప్పారట. ఏ కంపెనీ అన్నది అనవసరం, ఆ రోజుల్లో చాలామంది అదే పని చేశారు. మా ఊళ్ళలో వ్యవసాయం అప్పులు తీర్చడానికి, ఆవులు ఇల్లు గడపడానికి. 15 రోజులకోసారి వచ్చే పాల బిల్లుతోనే బియ్యం, చీటీ, పిల్లల ఫీజు. ఆవును పొద్దునా సాయంత్రం పిండకపోతే పొదుగు వాస్తుంది. పిండిన పాలు ఏం చెయ్యాలి? తోడేశారు, పంచారు, దూడలకు వదిలారు, మూడో రోజు కాలవలో పోశారు. కొత్తగా కేసులు రాకపోతేనే బండి మళ్ళీ పంపిస్తామని కబురొచ్చింది.

జ్వరం సున్నా ఎలా వచ్చిందో ఇప్పుడు చెప్పక్కర్లేదు. జబ్బు లక్షణాలు తెలియక చెప్పడం లేదనుకుని నేను రెండు రోజులు ఆటోకి మైకు కట్టించి ఊరంతా తిప్పాను. లక్షణాలు వాళ్ళకు నాకంటే బాగా తెలుసు. జ్వరమని నోరు తెరిస్తే ఎంత పోతుందో కూడా ప్రతి ఇంటికీ రూపాయల్లో తెలుసు. మెడికల్ షాపుల్లో జ్వరం మాత్ర కొన్నవాళ్ళ పేరు, ఫోన్ నంబరు రాసుకోవాలని ఆదేశాలున్న రోజులవి. ఆలోచన మంచిదే. ఊళ్ళో జరిగింది మాత్రం, గట్ల మీదుగా నడిచి అటువైపు పల్లెలో మాత్రలు తెచ్చుకోవడం. గోడలు, చెక్‌పోస్టులు అన్నీ రోడ్డు మీదే ఉంటాయి. గట్టు మీద ఎవరుంటారు?

16న కాలనీ వెనక వీధి నుంచి ఒక పెద్దాయన్ని తెచ్చారు. 68 ఏళ్ళు, షుగర్. మంచం మీద కూర్చుని నాతో చక్కగా మాట్లాడుతున్నాడు. "నాకేం లేదమ్మా, ఎండ దెబ్బ." మా పీహెచ్‌సీకి ఉన్న ఒకే ఒక్క ఆక్సీమీటర్ వేలికి పెడితే 84 చూపించింది. చెయ్యి చల్లగా ఉందేమోనని రుద్ది మళ్ళీ పెట్టాను. 83. కరోనాలో ఇదే మోసం: ఆక్సిజన్ ఇంత పడిపోయినా కొందరికి ఆయాసం తెలియదు. జ్వరం మొదలై ఎన్ని రోజులైందని అడిగితే కొడుకు రెండన్నాడు. 108 ఎక్కిస్తున్నప్పుడు ఆరన్నాడు. తిరుపతి కోవిడ్ ఆసుపత్రిలో నాలుగో రోజు ఆయన పోయాడు. ఊరికి తేలేదు. తర్వాత కొడుకు చెప్పాడు: "చెప్పొద్దన్నది మా నాయనే మేడం. మన వల్ల ఊరికి పాల బండి మళ్ళీ రాకపోతే తలెత్తుకుని తిరగలేం రా అన్నాడు."

రచ్చబండ దగ్గర

17న మీటింగ్ పెట్టాం. ఊరికి అప్పుడు సర్పంచ్ లేడు. పాత వాళ్ళ పదవీకాలం 2018లోనే ముగిసింది, స్థానిక ఎన్నికలు మార్చిలో వాయిదా పడ్డాయి. కాగితం మీద స్పెషలాఫీసరు ఉన్నా, మాట చెల్లేది నలుగురికి: మాజీ సర్పంచ్, పాలకేంద్రం నడిపే మనిషి, మామిడి మండీకి కూలీలను తీసుకెళ్ళే మేస్త్రీ, కాలనీ పెద్దమనిషి. ఆ నలుగురూ వచ్చేదాకా మాట్లాడనన్నాను. తహసీల్దార్ కూడా వచ్చి ఓపిగ్గా కూర్చున్నారు.

ఆ రోజు నేను వైరస్ గురించి ఒక్క ముక్క చెప్పలేదు. "మీ ఇంట్లో జ్వరమని ఇప్పుడు చెప్తే రేపు పొద్దునకి ఏమేం పోతాయి?" అని ఒక్కొక్కరినీ అడిగి చార్టు మీద రాశాను. పాల డబ్బులు. మండీ కూలి. మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు. పేరు. కూతురి సంబంధం. ఒకామె "నా మేకలు" అంది. ఆమెను తీసుకెళ్తే మేకల్ని ఎవరు తోలుకుపోతారు? సర్వే ఫారంలో ఈ కాలమ్ లేదు.

ముందు పాల సంగతి తేల్చాం. పశువుల డాక్టరు గారు కంపెనీ సూపర్‌వైజరుతో ఫోన్లో అరగంట మాట్లాడారు. ఆవు పాల ద్వారా ఇది రాదని, పాలు ఎలాగూ వేడి చేసే అమ్ముతారని చెప్పారు. క్యాన్లు ఊరి పొలిమేర దాకా మావాళ్ళే తెచ్చిపెట్టడం, డ్రైవరు బండి దిగకుండా, క్యాన్ల బయట కడిగాక ఎక్కించడం అన్న ఒప్పందం మీద 19న బండి వచ్చింది. పాజిటివ్ వచ్చిన ఇంటి ఆవుల్ని ఎవరు పిండాలన్న దాని మీద మాత్రం రెండు రోజులు గొడవ. చివరికి పాలకేంద్రం మనిషి తన తమ్ముణ్ణి పంపాడు. కొత్త చెయ్యి పడితే ఆవు తన్నుతుంది, అదొక టెన్షన్.

మండీ కష్టమైంది. ఊరి నుంచి ముప్పై మంది ఆడవాళ్ళు కాయ ఏరడానికి వెళ్తారు. ఒక్కో ఆటోలో పది మంది. డ్రైవరు మరదలు జ్వరంతోనే రెండు రోజులు పనికి వెళ్ళిందని అప్పటికి మాకు తెలిసింది. మేస్త్రీకి చెప్తే "మాత్ర యేసుకుని రా, రేపు లోడు ఉండాది" అన్నాడట. ఆయన్ని తిట్టడం తేలిక. మనిషి తక్కువైతే కమీషన్ తగ్గేది ఆయనకే. మండీ యజమానికి ఫోన్ చేసి, జ్వరమని ముందుగా చెప్పినవాళ్ళకు పది రోజులు సగం కూలి ఇమ్మని అడిగాను. "నాది ధర్మసత్రమా మేడం?" అన్నాడు. మర్నాడు తహసీల్దార్‌తో కలిసి వెళ్ళి ఒకటే లెక్క చెప్పాం. ఇప్పుడు వచ్చేది బేనీషా రకం మామిడి. జూన్‌లో బెంగళూరా కాయ దిగుతుంది, జ్యూస్ ఫ్యాక్టరీలు తెరుస్తారు, ఆయన సంవత్సరం సంపాదన ఆ ఆరు వారాల్లోనే. అప్పుడు మండీ సీలైతే? సగం కూలి 150 రూపాయలు. పది మందికి పది రోజులకు 15 వేలు. ఆయన క్యాలిక్యులేటర్ తీసి నొక్కి చూసుకుని సరేనన్నాడు.

అక్కడే గేటు దగ్గర టెంపరేచర్ గన్‌తో ఒక కుర్రాడు నిలబడి ఉన్నాడు. మిట్ట మధ్యాహ్నం, టాపు లేని ఆటోలో వచ్చిన అందరికీ 99, 100 చూపిస్తోంది. దాంతో ఆడవాళ్ళు గేటు ముందే తడి కొంగుతో నుదురు తుడుచుకుంటున్నారు. తుడుచుకుంటే 96. నిజంగా జ్వరం ఉన్న మనిషికీ 96. నీడలో పది నిమిషాలు కూర్చోబెట్టి చూడమని చెప్పాను. పైగా ఈ జబ్బు లక్షణాలు కనబడక రెండు రోజుల ముందు నుంచే అంటుకుంటుంది, కొందరికి జ్వరమే రాదు. ఆ గన్ కంటే ఆటోకి పది మందిని ఐదుగురు చెయ్యడమే మేలు చేసిందని నా నమ్మకం. నిరూపించలేను.

పేర్ల విషయంలో తప్పు నాది కాబట్టి మార్చుకోవాల్సిందీ నేనే. గ్రూపుల్లో లిస్టు పెట్టడం మానేశాను. రిజల్టు నేనే ఫోన్ చేసి ఆ మనిషికే చెప్పేదాన్ని. అంబులెన్స్ సైరన్ లేకుండా తెల్లవారుజామున పీహెచ్‌సీకి వచ్చేది, పేషెంటు ఓపీకి వచ్చినట్టే నడిచి వచ్చి ఎక్కేవాడు.

కంప తీసెయ్యమని చెప్పలేదు. చెప్పినా తీసేవారు కాదు, రాత్రికి మళ్ళీ వేసేవారు. భయంతో ఉన్న ఊరికి చేతికి ఏదో ఒక పని కావాలి. కాలనీ మలుపులోంచి తీసి మెయిన్ రోడ్డు మీద పెట్టుకోండి, అక్కడ ఒక కుర్చీ, రిజిస్టరు, సబ్బు, నీళ్ళ బిందె పెట్టండి, కాలనీ పిల్లలూ ఊరి పిల్లలూ వంతులవారీగా కూర్చోండి అన్నాను. కాలనీ పెద్దమనిషి వెంటనే ఒప్పుకోలేదు. "మా వీధికి అడ్డం పెట్టిన కంపకి ఇప్పుడు మేం కాపలా కాయాల్నా?" ఆ ప్రశ్న న్యాయమైనది. మాజీ సర్పంచ్ స్వయంగా వచ్చి మలుపులో కంప లాగేస్తేనే పిల్లల్ని పంపుతానన్నాడు. రెండు రోజులు బెట్టు చేసి, మూడో రోజు మాజీ సర్పంచ్ వచ్చి లాగాడు. చేతికి ముల్లు గీసుకుంది, టీటీ ఇంజెక్షన్ నేనే వేశాను.

తర్వాత

19 నుంచి 24 లోపు మా ఆశా కార్యకర్తకు 19 మంది ఫోన్ చేశారు. ఆరుగురికి పాజిటివ్, అందులో ఇద్దరు మండీకి వెళ్ళేవాళ్ళు. అందరూ జ్వరం మొదలైన రెండు రోజుల్లోపే చెప్పారు, ఎవరికీ ఆక్సిజన్ అవసరం రాలేదు. ఇది మా గొప్పే అనను. వాళ్ళలో చాలామంది వయసులో చిన్నవాళ్ళు.

డ్రైవరు తిరిగి వచ్చిన రోజు ఒకటి చెప్పాలి. మే 8న డిశ్చార్జి నిబంధనలు మారాయి. లక్షణాలు తక్కువగా ఉన్నవాళ్ళను, మొదలైన పది రోజులకు, ఆఖరి మూడు రోజులు జ్వరం లేకపోతే మళ్ళీ టెస్టు లేకుండానే పంపొచ్చు. శాస్త్రం ప్రకారం సరైనదే. కానీ కుర్చీలో కూర్చున్న కుర్రాళ్ళు నెగెటివ్ కాగితం చూపించమన్నారు. లేదు. ఆయన సొంత ఊరి బయట చింతచెట్టు కింద సంచి పెట్టుకుని రెండు గంటలు కూర్చున్నాడు. నేను వెళ్ళి పీహెచ్‌సీ లెటర్ హెడ్ మీద "ఇతని వల్ల ఎవరికీ అంటుకోదు" అని రాసి, సంతకం పెట్టి, రౌండ్ సీలు వేసి ఇచ్చాను. అలాంటి సర్టిఫికెట్ ఏ రూల్లోనూ లేదు. సీలు చూసి లోపలికి పంపారు.

విఫలమైనవీ ఉన్నాయి. సగం కూలి నాలుగు వారాలు నడిచి, కాయ రేటు పడిపోగానే ఆగిపోయింది. క్వారంటైన్ సెంటర్ నుంచి ఇంటికి వెళ్ళే పేదలకు ప్రభుత్వం 2,000 రూపాయలు ఇచ్చేది. అది సెంటరుకు వెళ్ళొచ్చినవాళ్ళకు. జ్వరం వచ్చిన మొదటి రోజే పని మాని చెప్పిన కూలీకి ఏ పద్దు కింద ఇవ్వాలో ఎవరికీ తెలియదు. రెండో వేవ్‌లో, 2021లో, అదే ఊళ్ళో మళ్ళీ దాచారు. అప్పటికి నాకు బదిలీ అయింది.

2023 సెప్టెంబరులో పాత నంబరు నుంచి ఫోన్ వచ్చింది. మండీ మేస్త్రీ. కేరళలోని కోళిక్కోడ్‌లో నిపా వచ్చిందని టీవీల్లో హోరెత్తుతున్న రోజులవి. అక్కడ ఆరు కేసులు, రెండు మరణాలు. మేస్త్రీ అక్క కొడుకు కేరళలోనే త్రిస్సూర్ బేకరీలో పని చేసేవాడు, జ్వరంతో ఊరికి వచ్చాడు. ఊళ్ళో అప్పుడే కంప మాట మొదలైందట. ఆ అబ్బాయి కోళిక్కోడ్ వెళ్ళలేదని, జ్వరంతో ఉన్నవాళ్ళెవరినీ కలవలేదని ఫోన్లోనే అడిగి తెలుసుకున్నాను. నిపా గాలిలో ఊరంతా పాకే రకం కాదని, రోగికి దగ్గరగా ఉండి సేవ చేసినవాళ్ళకే ఎక్కువగా అంటుకుంటుందని చెప్పాను. అయినా వాణ్ణి వేరే గదిలో ఉంచి, ఇప్పుడున్న డాక్టరుకు చెప్పి రక్తం పరీక్ష చేయించమన్నాను. రెండో రోజు డెంగీ అని తేలింది.

ఫోన్ పెట్టేముందు ఆయన అడిగాడు. "పది రోజులు పనికి పంపొద్దంటారు, సరే. ఈ సీజన్లో మా వాడు ఇటుకల బట్టీలో చేరాల. కూలి ఎవరిస్తారు మేడం?"

బట్టీ ఓనరు నంబరు ఇమ్మన్నాను.